కుబెర్నెటీస్‌లో పేర్ల నియమాలు: ఏమిటి, ఎందుకు?



అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మనం టీసీ తీసుకుని ఇంకో ఊరి విద్యాలయానికి వెళ్తాం. అక్కడ ముందుగా అడిగేది పేరు. పాత బడిలో తరగతి మొత్తానికి ఒక్కడే సాయికిరణ్ అయిన అబ్బాయి, కొత్త బడిలో మూడో సాయికిరణ్ కావచ్చు. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు తెలియని చోట, దరఖాస్తులో ఇంటిపేరే అసలు పేరుగా ఎక్కిపోవచ్చు. లత అనే అమ్మాయి పేరును ఇంగ్లిష్‌లో ఒకచోట టీ పక్కన హెచ్ పెట్టి, ఇంకోచోట హెచ్ లేకుండా రాయవచ్చు. మనుషులకు ఇవి చిన్న తేడాలు. కంప్యూటర్‌కు అలా కాదు. ఒక్క అక్షరం మారినా దానికి అవి రెండు వేర్వేరు పేర్లు.

వందలు, వేల ప్రోగ్రాములు ఒకేసారి నడిచే చోట పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అలాంటి చోట వాడే సాఫ్ట్‌వేర్లలో బాగా పేరున్నది కుబెర్నెటీస్. అందులో పేరు ఎలా పెట్టాలి, ఆ నియమాలు ఎక్కడినుంచి వచ్చాయి, పేరుకూ గుర్తింపుకూ తేడా ఏమిటి అన్న మూడు విషయాలను ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఒక సూచన. ఉదాహరణల్లోని పేర్లన్నీ మేము తెలుగు లిపిలోనే రాస్తున్నాం. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయాలి. అలా ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

1. కంటైనర్ అంటే ఏమిటి? కుబెర్నెటీస్ అంటే ఏమిటి?

బదిలీ అయినప్పుడు సామాను ఎలా సర్దుతామో గుర్తు చేసుకోండి. వంటింటి డబ్బాలో గిన్నెలు, గరిటెలు, పోపుల పెట్టె అన్నీ కలిపి పెడతాం. ఆ డబ్బా ఏ ఊళ్ళో విప్పినా వంట మొదలుపెట్టవచ్చు. కంటైనర్ కూడా అలాంటిదే. ఒక ప్రోగ్రామ్‌ను, అది నడవడానికి కావలసిన ఫైళ్ళను కలిపి ఒక మూటగా కడతారు. ఆ మూటను తగిన ఏ కంప్యూటర్‌లో తెరిచినా ప్రోగ్రామ్ ఒకేలా నడుస్తుంది.

ఒకటి రెండు కంటైనర్లయితే మనిషే చూసుకోగలడు. వందలయితే ఏది ఏ కంప్యూటర్‌లో నడవాలి, ఆగిపోతే మళ్ళీ ఎవరు మొదలుపెట్టాలి, రద్దీ పెరిగితే ఇంకెన్ని పెట్టాలి అనేవి చూడటానికి ఒక మేనేజర్ కావాలి. ఆ పని చేసేదే కుబెర్నెటీస్. గూగుల్ సంస్థ దీన్ని 2014 జూన్‌లో ప్రకటించింది. మొదటి పూర్తి వెర్షన్ 2015 జులైలో వచ్చింది. ఈ పేరు వింటే మనకు కుబేరుడు గుర్తుకొస్తాడు గాని, ఆయనకూ దీనికీ సంబంధం లేదు. ఇది గ్రీకు మాట. ఓడ చుక్కాని పట్టి నడిపేవాడు అని అర్థం. ఇంగ్లిష్‌లో ఈ పేరు మొదటి అక్షరం కే, చివరి అక్షరం ఎస్, మధ్యలో ఎనిమిది అక్షరాలు. అందుకే దీన్ని పొట్టిగా కే-ఎయిట్-ఎస్ అని కూడా అంటారు.

కుబెర్నెటీస్‌లో తరచూ వినిపించే మాటలు కొన్ని:

నోడ్ – కంటైనర్లు నడిచే ఒక కంప్యూటర్.
క్లస్టర్ – కలిసి పనిచేసే నోడ్ల గుంపు.
పాడ్ – ఒకటి లేదా కొన్ని కంటైనర్లను కలిపి నడిపే అతి చిన్న యూనిట్.
సర్వీస్ – పాడ్లు మారుతున్నా వాటిని చేరుకోవడానికి మారకుండా ఉండే చిరునామా.
డిప్లాయ్‌మెంట్ – ఒకే రకం పాడ్లు ఎన్ని ఉండాలో, ఎలా ఉండాలో చెప్పే ఆదేశం.

ఇలాంటి వాటన్నిటినీ వనరులు అంటారు. ప్రతి వనరుకూ ఒక పేరు ఉండి తీరాలి.

2. ఒక చోట, ఒక రకంలో, ఒక్కటే పేరు

మొదటి నియమం తేలికైనది. ఒక చోట, ఒకే రకం వనరుల్లో, ఒక పేరు ఒక్కదానికే ఉండాలి.

ఇందులో రెండు మాటలు గమనించాలి. మొదటిది రకం. లైబ్రరీ అనే పేరుతో ఒక పాడ్, అదే పేరుతో ఒక సర్వీస్ ఉండవచ్చు. రకాలు వేరు కాబట్టి గొడవ లేదు. లైబ్రరీ పేరుతో ఒకేచోట రెండు సర్వీసులు మాత్రం కుదరవు.

రెండోది చోటు. కుబెర్నెటీస్‌లో చోటును నేమ్‌స్పేస్ అంటారు. ఒక క్లస్టర్‌ను గదులుగా విడదీస్తే ప్రతి గదీ ఒక నేమ్‌స్పేస్. ఏడో తరగతి ఏ సెక్షన్‌లో ఒక శ్రావణి, బీ సెక్షన్‌లో ఒక శ్రావణి ఉంటే హాజరు పిలిచేటప్పుడు ఇబ్బంది ఉండదు కదా. అలాగే జూనియర్ అనే నేమ్‌స్పేస్‌లో లైబ్రరీ సర్వీస్, సీనియర్ అనే నేమ్‌స్పేస్‌లో ఇంకో లైబ్రరీ సర్వీస్ ఉండవచ్చు.

మరి ఒక ప్రోగ్రామ్ లైబ్రరీ అని పిలిస్తే ఎవరు పలకాలి? ఇంట్లో "ఒరేయ్ చిన్నోడా" అంటే ఎవరో అందరికీ తెలుసు. వీధిలోకి వస్తే "రావుగారి చిన్నోడు" అనాలి. ఇక్కడా అదే పద్ధతి. జూనియర్ నేమ్‌స్పేస్‌లో ఉన్నవాళ్ళకు లైబ్రరీ అంటే చాలు. బయటినుంచి పిలిచేవాళ్ళు పేరు తర్వాత చుక్క పెట్టి, నేమ్‌స్పేస్ పేరు కూడా చేర్చి, లైబ్రరీ.జూనియర్ అని పిలవాలి.

అన్ని వనరులూ గదుల్లో ఉండవు. నోడ్లు క్లస్టర్ మొత్తానికి చెందినవి. నేమ్‌స్పేస్‌ల పేర్లూ అంతే. అలాంటి వాటి పేరు క్లస్టర్ అంతటిలో ఒక్కటే ఉండాలి.

3. ఏ అక్షరాలు వాడవచ్చు?

వనరు రకాన్నిబట్టి పేర్ల నియమాలు నాలుగు విధాలుగా ఉన్నాయి.

మొదటి విధం: పొడవు 253 అక్షరాలకు మించకూడదు. ఇంగ్లిష్ స్మాల్ లెటర్లు, అంకెలు, హైఫన్, చుక్క మాత్రమే వాడాలి. మొదలూ చివరా అక్షరమో అంకెో ఉండాలి. చాలా రకాల వనరులకు ఇదే వర్తిస్తుంది. సెట్టింగులు దాచే కాన్ఫిగ్‌మ్యాప్, రహస్యాలు దాచే సీక్రెట్ ఇందులోకే వస్తాయి.

రెండో విధం: పొడవు 63కు మించకూడదు. చుక్క వాడకూడదు. మిగతావన్నీ మొదటి విధం లాగే. నేమ్‌స్పేస్ పేర్లు ఇలా ఉండాలి.

మూడో విధం: రెండో విధంలోవన్నీ ఉంటాయి. దానికితోడు పేరు అంకెతో మొదలవకూడదు, అక్షరంతోనే మొదలవ్వాలి. సర్వీస్ పేర్లకు మొదటినుంచీ వస్తున్న కట్టుబాటు ఇది.

నాలుగో విధం: ఇది కొంచెం వదులు. పేరులో ఏటవాలు గీత, శాతం గుర్తు ఉండకూడదు. పేరు మొత్తం ఒక్క చుక్కగానో రెండు చుక్కలుగానో ఉండకూడదు. ఎవరు ఏ పని చేయవచ్చో చెప్పే రోల్ అనే వనరుకు ఈ నియమం వర్తిస్తుంది.

నియమం తప్పితే కుబెర్నెటీస్ పేరును తనంతట తాను సరిదిద్దదు. ఆ వనరును తయారుచేయడానికే ఒప్పుకోదు. తప్పు ఎక్కడుందో చెప్పి వెనక్కి పంపుతుంది. ఇది మంచి పద్ధతే. చెప్పకుండా పేరు మార్చేస్తే, పాత పేరుతో వెతికేవాళ్ళకు ఆ వనరు దొరకదు.

4. 63, 253 – ఈ సంఖ్యలు ఎక్కడివి?

నియమాలు బట్టీ పడితే మరిచిపోతాం. కారణం తెలిస్తే గుర్తుంటాయి.

కుబెర్నెటీస్‌లోని పేర్లు చాలావరకు ఇంటర్నెట్ చిరునామాల్లోకి వెళ్తాయి. వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే పద్ధతి డీఎన్‌ఎస్ అని కంప్యూటర్ పాఠాల్లో చదువుకున్నాం. డీఎన్‌ఎస్ నియమాలు 1987 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1035 అనే పత్రంలో వచ్చాయి. కుబెర్నెటీస్ పుట్టడానికి ఇరవై ఆరేళ్ళకు పైగా ముందే అన్నమాట.

డీఎన్‌ఎస్ పేరులో చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్న ముక్కను లేబుల్ అంటారు. సందేశం పంపేటప్పుడు ప్రతి లేబుల్‌కు ముందు దాని పొడవు చెప్పే ఒక బైటు ఉంటుంది. బైటులో 8 బిట్లు. వాటిలో మొదటి రెండు బిట్లను వేరే పనికి కేటాయించారు. సందేశంలో ఇంతకుముందు వచ్చిన పేరునే మళ్ళీ రాయకుండా "అక్కడ చూడు" అని చూపడానికి అవి పనికొస్తాయి. ఇక మిగిలినవి 6 బిట్లు. ఆరు బిట్లతో రాయగల అతి పెద్ద సంఖ్య ఎంత? రెండును ఆరుసార్లు గుణిస్తే 64, అందులో ఒకటి తీసేస్తే 63. అందుకే లేబుల్ పొడవు 63 దాటకూడదు.

253 సంగతి కూడా ఇలాంటిదే. పొడవు బైట్లతో సహా పేరు మొత్తం 255 బైట్లకు మించకూడదని నియమం. మనం రాసే చుక్కలు లోపలి లేబుళ్ళ పొడవు బైట్ల స్థానంలో ఉంటాయి. మొదటి లేబుల్ ముందుండే పొడవు బైటు, పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నా బైటు మనం రాసే పేరులో కనిపించవు. 255 నుంచి ఆ రెండూ తీసేస్తే 253.

స్మాల్ లెటర్లే ఎందుకు? డీఎన్‌ఎస్ క్యాపిటల్‌నూ స్మాల్‌నూ ఒకటిగానే చూస్తుంది. ఒకచోట క్యాపిటల్‌తో లైబ్రరీ, ఇంకోచోట స్మాల్‌తో లైబ్రరీ పెడితే డీఎన్‌ఎస్ వాటిని వేరుచేయలేదు. అందరూ స్మాల్ లెటర్లే వాడితే ఆ చిక్కే రాదు.

అంకెతో మొదలవడం సంగతేమిటి? పాత నియమం ప్రకారం కంప్యూటర్ పేరు అక్షరంతోనే మొదలవ్వాలి. 1989 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1123 దాన్ని సడలించి, అంకెతోనూ మొదలవ్వవచ్చంది. మన రెండో విధానికి ఆధారం ఈ 1989 పత్రం, మూడో విధానికి ఆధారం 1987 పత్రం. రెండు విధాల మధ్య ఒక్క తేడా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా.

నాలుగో విధానికి కారణం డీఎన్‌ఎస్ కాదు, వెబ్ చిరునామాలో వచ్చే దారి. ఏ వనరునైనా చూడాలంటే కుబెర్నెటీస్‌ను ఒక దారితో అడుగుతాం. ఆ దారిలో నేమ్‌స్పేస్, వనరు రకం, పేరు వరుసగా ఏటవాలు గీతలతో విడివిడిగా ఉంటాయి. పేరులోనే ఏటవాలు గీత ఉంటే, అది పేరులో భాగమా, కొత్త మెట్టా అన్నది తేలదు.

పదకొండో తరగతి పైథాన్‌తో పోల్చి చూడండి. పైథాన్‌లో వేరియబుల్ పేరులో అండర్‌స్కోర్ వాడవచ్చు, హైఫన్ వాడకూడదు, ఎందుకంటే అక్కడ హైఫన్ అంటే తీసివేత. కుబెర్నెటీస్‌లో దీనికి తిరకాసుగా, హైఫన్ వాడవచ్చు, అండర్‌స్కోర్ వాడకూడదు. పేరు ఏ దారిన ప్రయాణిస్తుందో ఆ దారే నియమాన్ని నిర్ణయిస్తుంది.

5. తెలుగులో పేరు పెట్టకూడదా?

ఇది మనకు రావలసిన ప్రశ్నే. వెబ్‌సైట్లకు తెలుగు లిపిలో పేర్లు ఉన్నాయి. మన దేశానికి తెలుగు లిపిలో .భారత్ అనే డొమైన్ కూడా ఉంది. కాని డీఎన్‌ఎస్ దగ్గరికి వెళ్ళేసరికి ఆ తెలుగు పేరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్లు కలిసిన ఒక సంకేతంగా మారుతుంది. ఎక్స్, ఎన్, రెండు హైఫన్లతో అది మొదలవుతుంది. వనరుల పేర్ల విషయంలో కుబెర్నెటీస్ ఈ మార్పిడి చేయదు. తెలుగు అక్షరాలతో నేమ్‌స్పేస్ పేరు ఇస్తే వెనక్కి పంపుతుంది.

అయితే వనరుకు పేరుతోపాటు ఇంకో రెండు చీటీలు తగిలించవచ్చు. మొదటిదాన్ని లేబుల్ అంటారు. డీఎన్‌ఎస్‌లోని లేబుల్ వేరు, ఇది వేరు. వనరులను గుంపులుగా ఏరడానికి దీన్ని వాడతారు. "సీనియర్ విభాగానికి చెందినవన్నీ చూపించు" అని అడగడానికి ఇది పనికొస్తుంది. లేబుల్ విలువ కూడా 63 అక్షరాలకు మించకూడదు. కాని అందులో క్యాపిటల్ లెటర్లు, అండర్‌స్కోర్ వాడవచ్చు. రెండో చీటీని అనొటేషన్ అంటారు. అందులో ఏ భాషలోనైనా వివరం రాసుకోవచ్చు. ఒక వనరు అనొటేషన్లన్నీ కలిపి 256 కిలోబైట్ల లోపు ఉంటే చాలు. ఒక పెద్ద తెలుగు కథ అందులో పట్టేస్తుంది.

అంటే పేరు పొట్టిగా, కట్టుబాటుతో ఉంటుంది. చెప్పుకోవలసిన వివరమంతా అనొటేషన్‌లో ఉంటుంది. పేరులో పట్టలేదని ఆ వివరాన్ని పారేయక్కరలేదు.

6. అచ్చులు లేని పేర్లు

కొన్ని పేర్లను మనం పెట్టం. ఒక డిప్లాయ్‌మెంట్ కింద ఇరవై పాడ్లు కావాలంటే ఇరవై పేర్లు ఎవరు ఆలోచిస్తారు? అప్పుడు కుబెర్నెటీసే అసలు పేరు చివర ఒక తోక తగిలిస్తుంది. ఆ తోక చివరి అయిదు స్థానాల్లో అడ్డదిడ్డంగా ఎంచిన అక్షరాలు, అంకెలు ఉంటాయి.

ఈ తోకలో ఇంగ్లిష్ అచ్చులు అయిదూ కనిపించవు. అనుకోకుండా ఏదైనా చెడ్డ మాట ఏర్పడే అవకాశం తగ్గాలని వాటిని తీసేశారు. వై అక్షరం, 0, 1, 3 అంకెలు కూడా లేవు. ఇక మిగిలినవి 20 హల్లులు, 7 అంకెలు, మొత్తం 27 గుర్తులు. అయిదు స్థానాల్లో ఎన్ని తోకలు రావచ్చో లెక్క కట్టండి. 27ను అయిదుసార్లు గుణిస్తే 1,43,48,907. కోటీ నలభై లక్షలు దాటింది.

7. పేరు వేరు, గుర్తింపు వేరు

ఇప్పుడు ఈ పాఠంలో ముఖ్యమైన విషయం. పేరు కాక, ప్రతి వనరుకూ కుబెర్నెటీస్ యూఐడీ అనే ఇంకో గుర్తును తానే ఇస్తుంది. ఇది 36 గుర్తుల పొడవు ఉంటుంది. అందులో 32 అంకెలూ అక్షరాలూ, 4 హైఫన్లు. ఒక వనరుకిచ్చిన యూఐడీని మళ్ళీ ఇంకోదానికి ఇవ్వరు. వనరును తీసేశాక దాని పేరును ఇంకొకటి వాడుకోవచ్చు. యూఐడీని వాడుకోలేదు.

దీని అవసరం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. స్టేట్‌ఫుల్‌సెట్ అనే వనరు తన పాడ్లకు వరుసగా పేర్లు పెడుతుంది: రికార్డు-0, రికార్డు-1, రికార్డు-2. రికార్డు-1 ఆగిపోతే, దాని స్థానంలో వచ్చే కొత్త పాడ్ పేరు కూడా రికార్డు-1. పాత పాడ్ సమాచారం దాచుకున్న డిస్కే దీనికీ దక్కుతుంది. ఇది ఆఫీసులో పోస్టు లాంటిది. నాన్న బదిలీ అయి వెళ్తే ఆ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు. తలుపు మీది హోదా అదే, బీరువా అదే, ఫైళ్ళు అవే. మనిషి మాత్రం వేరు. బయటినుంచి హోదా ఒక్కటే చూస్తే మార్పు తెలియదు. యూఐడీ చూస్తే తెలుస్తుంది.

ఇంకో విషయం ఉంది. కుబెర్నెటీస్‌లో వనరు పేరు మార్చడం కుదరదు. ఒక నేమ్‌స్పేస్ నుంచి ఇంకో నేమ్‌స్పేస్‌కు పంపడమూ కుదరదు. పాడ్‌ను ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు బదిలీ చేయడం కూడా లేదు. పాతదాన్ని తీసేసి అలాంటిదే కొత్తది అక్కడ తయారుచేస్తారు. చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. కాని యూఐడీ కొత్తది కాబట్టి అది వేరే పాడ్.

8. ఇందులో మనకు పనికొచ్చేది

పాడ్లకు లేనిదీ మనకు ఉన్నదీ బదిలీయే. మనం ఊరు మారినా కొత్త మనిషి కాము. అడ్మిషన్ నంబరు ఆ బడికే చెందినది, రోల్ నంబరు ఆ తరగతికే చెందినది. అవి నేమ్‌స్పేస్‌లోని పేర్ల లాంటివి, ప్రతి చోటా మారతాయి. ఆపార్ ఉన్నవారికి దాని 12 అంకెల సంఖ్య యూఐడీ లాంటిది, బడి మారినా మారదు.

మన పేరు ఈ రెండిటి మధ్య ఉంటుంది. అది మారకూడదు గాని, ప్రతి బడిలోనూ ఎవరో ఒకరు మళ్ళీ టైపు చేస్తారు కాబట్టి మారిపోయే ప్రమాదం ఉంది. తొమ్మిదో తరగతిలో సీబీఎస్‌ఈ నమోదుకు పంపిన పేరే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వస్తుంది. ఆ తర్వాత దిద్దించుకోవడం పెద్ద పని. కాబట్టి ఇంగ్లిష్‌లో మీ పేరులోని ప్రతి అక్షరం, మధ్యలోని ఖాళీ, ఇంటిపేరు స్థానం ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. జనన ధ్రువపత్రం, ఆధార్, టీసీ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఆ కాగితంతో సరిచూడండి. తేడా ఉంటే ఇప్పుడే అమ్మానాన్నలకు, తరగతి టీచరుగారికి చెప్పండి.

దరఖాస్తు గడిలో పట్టేది పేరు మాత్రమే. తాతగారు పెట్టిన పేరుకు అర్థమేమిటి, ఇంటిపేరు ఏ ఊరినుంచి వచ్చింది అన్నవి ఆ గడిలో పట్టవు. వాటిని తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసి దాచుకోండి. అది మన అనొటేషన్.

అభ్యాసం

కింది పేర్లు చెల్లుతాయో లేదో చెప్పి, కారణం రాయండి. అక్షరాలన్నీ ఇంగ్లిష్ స్మాల్ లెటర్లే అనుకోండి.

1. నేమ్‌స్పేస్ పేరు: 10-బి
2. సర్వీస్ పేరు: 10-బి (మూడో విధం ప్రకారం)
3. కాన్ఫిగ్‌మ్యాప్ పేరు: మార్కులు.యూనిట్-1
4. నేమ్‌స్పేస్ పేరు: మార్కులు.యూనిట్-1
5. పాడ్ పేరు: లైబ్రరీ_2
6. జూనియర్, సీనియర్ నేమ్‌స్పేస్‌లు రెండింటిలోనూ మెనూ అనే సర్వీస్

జవాబులు: 1. చెల్లుతుంది, అంకెతో మొదలవ్వవచ్చు. 2. చెల్లదు, అక్షరంతోనే మొదలవ్వాలి. 3. చెల్లుతుంది, చుక్కకు అనుమతి ఉంది. 4. చెల్లదు, నేమ్‌స్పేస్ పేరులో చుక్క ఉండకూడదు. 5. చెల్లదు, అండర్‌స్కోర్ ఉంది. 6. చెల్లుతుంది, చోట్లు వేరు.

చేసి చూడండి: ఆరు బిట్లకు బదులు ఏడు బిట్లు దొరికి ఉంటే లేబుల్ పొడవు ఎంతవరకు ఉండేదో లెక్క కట్టండి. మీకు 127 వస్తే పాఠం అర్థమైనట్టే.